బలానికని మింగిన గోలీలు

ఇప్పుడు గోడ పట్టుకోకుండ వంటింట్ల నుంచి ముందటి అర్ర దాక నడుస్తున్న. మధ్యల ఒకసారి నిలబడాలె, కిందికి చూస్కోవాలె, మళ్ల అడుగెయ్యాలె. అయినా నడుస్తున్న. ఇంత దూరం వచ్చినంకనే ఇది రాయబుద్ధయింది. ఫోన్ల తెలుగు రాసుడు నా బిడ్డ శ్రావణి నేర్పింది. రాసుకుంట రాసుకుంట రెండు మూడు సార్లు ఏడ్పొచ్చి పక్కకు పెట్టిన. నా తీరుగనే ఇంకెవలన్న మంచికే అనుకున్న దాంట్ల చిక్కుకోని ఉన్నరేమో అనిపించి మళ్ల తీసిన.

మాది మెట్‌పల్లి. నేను జాకెట్లు కుడ్త. మేము మేడ మీద ఉంటం, కింది అర్రలు కిరాయికిచ్చినం. మేడ మీద వరండాలనే నా మిషన్. మా ఆయన నర్సయ్య షార్జాల ఒక గోదాముల పని చేస్తడు. శ్రావణి పాలు మరువకముందే పోయిండు. రెండేండ్లకొకసారి వచ్చి నెల దినాలు ఉండి పోతడు. ఇంట్ల నేను, మా అత్తమ్మ. శ్రావణి కరీంనగర్ల హాస్టల్ల ఉండి డిగ్రీ చదువుతది.

కరోనా పోయినంక

రెండోసారి కరోనా ఊరంత చుట్టుకున్నప్పుడు నాకూ వచ్చింది. దవాఖానల మంచం దొరకలే, ఇంట్లనే పడి ఉన్న. మా ఆయన వీడియో కాల్ చేసి నన్నే చూసుకుంట కూసుంటుండె. విమానాలు బంద్. "ఏం జెయ్యాలె పద్మా, ఈడ కాళ్లు కట్టేసినట్టున్నది" అని ఒకసారి ఏడ్చిండు. ఆయన ఏడ్వంగ నేను చూసుడు అదే మొదలు.

జరం తగ్గింది గాని దువ్వెన పెడితె చాలు, ఎంటికలు కుచ్చులు కుచ్చులు చేతికొచ్చేటియి. విమానాలు మొదలైనంక పక్కూరి ఒకాయనతోని మా ఆయన డబ్బా పంపిండు. పాలపొడి, సబ్బులు, ఇంత పెద్ద గోలీల సీస. ఆ పొద్దే కాల్ చేసిండు.

"జింకు గోలీలు. ఈడ అందరు మింగుతున్నరు. రోగం దగ్గరికి రాదట, ఎంటికలు గూడ ఊడయట."

"పొలానికేసే జింకు గాదా?" అని నవ్విన.

"గదే మరి. వరి ఎర్రబడితె జింకు ఏస్తె పచ్చగైతలేదా? మనిషికి గూడ గంతే."

పొద్దున ఛాయ తాగినంక ఆయన కాల్ చేసేటిది, నేను ఆయన ముంగటనే గోలీ మింగేదాన్ని. "ఏదీ, నాలిక జూపియ్" అనేటోడు. చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్తె నాకు నవ్వొచ్చేది. ఇన్నేండ్ల కాపురంల, ఫోన్లనే అయినా, ఆయన దగ్గరుండి నాకు మింగిపిచ్చింది ఏమన్న ఉందంటె ఆ గోలీనే. కొన్ని నెలలకు ఎంటికలు ఊడుడు ఆగింది. దానంతట అది ఆగిందో, గోలీలతోని ఆగిందో ఎవలకెరుక? మేము మాత్రం గోలీలే అనుకున్నం.

సీస ఒడిసేలోపల ఇంకో సీస వచ్చేది. షార్జా నుంచి ఎవరొచ్చినా మా ఇంటికి ఒక సీస ఉండేది. ఒకసారి నాకు సర్ది పట్టి తొందరగ పోలేదు. "రోజుకు రెండు మింగు" అన్నడు. రెండు చేసిన. అది మందు అని నేను ఏనాడూ అనుకోలే. ఉప్పు పప్పు లెక్కనే, ఇంట్ల ఉండేదొకటి.

బతుకమ్మ ముంగట

తర్వాత రెండేండ్లకేమో, వానకాలంల కాలి వేండ్లు తిమ్మిరెక్కుడు మొదలైంది. చాప మీద కూసోని లేస్తె అయ్యే తిమ్మిరి కాదు, పోతలేదు. సాక్సులు తొడుక్కున్నట్టు ఉండేది. వంగి చూస్తె ఉట్టి కాళ్లే. మా గల్లీల ఒక లగ్గానికి పోయి వచ్చేటప్పుడు అత్తమ్మ నా కాళ్ల దిక్కు చూసి "ఒక్క చెప్పు ఏది పొల్లా?" అన్నది. చెప్పు ఎక్కడ జారిందో నాకు తెలవనే తెలవదు. ఇద్దరం నవ్వుకున్నం.

బతుకమ్మ ముందు నాకు ఊపిరాడనంత పని. నా మిషన్‌కు మోటరు ఉన్నది. కాలితోని ఎంత ఒత్తితె అంత ఉరుకుతది. ఆ పొద్దు ఒక పిల్ల ఎదురుంగనే కూసోని జాకెట్ కోసం చూస్తున్నది. నేను మెల్లగ ఒత్తిన్ననే అనుకున్న. మిషన్ గిర్రున ఉరికి సూది నా ఎడమ చేతి వేలుల దిగింది. ఆ పిల్ల కేక పెట్టింది. నేను కాలు తీసేసిన అనుకుంటున్న, మిషన్ మాత్రం ఆగుతలేదు. నా కాలు ఇంక దాని మీదనే ఉన్నదని వంగి చూస్తెనే తెలిసింది.

నొప్పి వేలుల ఉంటె భయం కాలుల పుట్టింది. ఆ దినం నుంచి మిషన్ ముట్టాలంటె వణుకు. కుట్టని బట్టలు ఎవలియి వాళ్లకు వాపసిచ్చిన. సద్దుల బతుకమ్మ నాడు పట్టుచీర కట్టుకోని పోయిన గాని, వంగి చప్పట్లు కొట్టుకుంట తిరుగుతుంటె ఎక్కడ అడుగేస్తున్ననో తెలుస్తలేదు. ముందటామె మడిమె తొక్కిన, ఎన్కామె మీద పడవోయిన. పక్కకు పోయి బడి అరుగు మీద కూసున్న. పాట వినుకుంట చేతులు మాత్రం చప్పట్లు కొట్టిన.

మొఖం తెల్లగ పాలిపోయింది. నోట్లె పుండ్లు. నాలుగు మెట్లెక్కితె దమ్ము. మా ఊరి డాక్టర్ రక్తం తక్కువున్నదని టానిక్ రాసిండు, బలం సూదులిచ్చిండు. ఏం ఫరక్ పడలే. మా ఆయన పరేషాన్ అయిండు.

"రెండు గోలీలు సరిపోతలేవు పద్మా. మూడు మింగు."

మూడు మింగిన. ఎంత బలహీనమైతె అన్ని గోలీలు, ఎన్ని గోలీలైతె అంత బలహీనం. అప్పుడు మాకెట్ల తెలుస్తది?

చలికాలం

ఇగ కిందికి దిగుడు బందైంది. మా మెట్లకు ఒక్క దిక్కే గోడ, రెండో దిక్కు ఏం లేదు. పై మెట్టు మీద నిలబడి కిందికి చూస్తె, కాలు పెడితె మెట్టు ఉన్నదో లేదో నమ్మకం లేదు. బూరుగు దూది మీద నిలబడ్డట్టు ఉండేది. వరండాల కుర్చీ ఏసుకోని రోడ్డు చూసేదాన్ని. కూరగాయలామె, బడికి పోయే పిల్లలు, కిందింటి వాళ్ల బండి. అందరు పోతుండ్రు, వస్తుండ్రు. ఆ మేడ నా పుట్టింటోళ్లు ఇచ్చింది కాదు, మేమిద్దరం కట్టుకున్నది. అదే నాకు జైలైంది.

చీకటంటె భయం పట్టుకున్నది. కండ్లకు కనబడ్తెనే నా కాళ్లు ఎక్కడున్నయో నాకు తెలుసు. ఒకనాడు పొద్దున మొఖానికి సబ్బు పెట్టుకోని కండ్లు మూసుకున్న. అంతే, నీళ్ల బకెటు మీద పడ్డ. అత్తమ్మ ఉరికొచ్చి లేపింది. ఆ రోజు సంది నాకు ఆమెనే తానం పోసుడు.

"నువ్వు నన్ను జూడాల్సిన యాళ్లకు నేను నిన్ను జూడవడ్తి" అని ఒకసారి గొణిగింది. నాకు సురుక్కుమన్నది. రెండు రోజులు మాట్లాడలే. మూడో రోజు ఆమెనే వచ్చి నా ఎనుక కూసోని తల దువ్వి జడేసింది.  డెబ్బై దాటిన మనిషి, నా బరువు లేపుతున్నది.

కార్తీకంల ఆమె ధర్మపురికి మొక్కుకున్నది. గోదాట్ల తానం చేయించి నర్సింహస్వామి దర్శనం చేయిస్తె మంచిగైతదని. పక్కింటోళ్లు నన్ను కుర్చీల కూసోబెట్టి కిందికి దించిండ్రు. ఎన్నో రోజులకు రోడ్డు మీదికి వచ్చిన్నని నాకు సంబురం. గోదావరి ఒడ్డున అత్తమ్మ చెయ్యి పట్టుకోని మోకాలి లోతు దాక దిగిన. నీళ్లు సల్లగున్నయని పిక్కలకు తెలుస్తున్నది, పాదాలకు తెలుస్తలేదు. చేతులు జోడించాలె గదా, అత్తమ్మ చెయ్యి విడిసిన. కండ్లు మూసుకున్న.

నీళ్లు ముక్కుల పోయినంకనే పడ్డ అని తెలిసింది. ఎవరో జుట్టు పట్టి లేపిండ్రు. దగ్గుకుంట కూసుంటె ఎనుక నుంచి ఒకడు "తాగొచ్చిందా ఏంది?" అన్నడు. అత్తమ్మ ఆని మీదికి లేసింది. "నా కోడలు రా! పానం బాగలేక దేవుని దగ్గరికొస్తె గిట్లంటవా?" అని అరిచింది. నన్ను పైటతోని తుడుసుకుంట ఆమె ఏడ్సింది. దర్శనం చేసుకోకుండనే ఇంటికొచ్చినం. ఆటోల ఒకటే మాటన్నది: "ఇగ దేవునితోని గాదు. కరీంనగర్ పోదాం."

శివరాత్రి అయినంక

పైసలు జమయ్యేసరికి తిమ్మిరి మోకాళ్ల దాక ఎక్కింది. కరీంనగర్ల ఒక ప్రైవేటు దవాఖానకు పోయినం. శ్రావణి కాలేజీకి సెలవు పెట్టి తోడున్నది. మెడ లోపలి ఫోటో తీసిన్రు, నరాలకు కరెంటు పెట్టి పరీక్ష చేసిన్రు. ఎముకల డాక్టర్ నా మెడ ఫోటో చూపించి "ఇక్కడ నరం నొక్కుకుంటున్నది. ఆపరేషన్ చేయకపోతె మంచానికే పరిమితం అయితరు" అన్నడు. చేస్తె? "ఇంతకన్న పాడుగాకుండ చూస్తం" అన్నడు. బయటికొచ్చి కుర్చీల కూసున్నం. ముంగట టీవీల ఏదో వంట చూపిస్తున్నరు. నేను మెడ మీద చెయ్యి పెట్టుకున్న, తియ్యలేకపోయిన.

నా పక్కన శాంతాబాయి అని ఒకామె ఉండె. ఆసిఫాబాద్ నుంచి వచ్చింది. ఆమె భర్త పత్తి లారీ మీదికెల్లి పడి నడుము ఇరిగి లోపల ఉన్నడు. ఆమె మాటల్ల సగం మరాఠీ. నేను బాత్రూంకు పోవాలని శ్రావణి కోసం అటిటు చూస్తుంటె, అడగకముందే లేసి చెయ్యిచ్చింది.

"ఘాబరా పడకు బాయీ. నా మీద ఆను. నేను పత్తి బస్తాలు మోసిన దాన్ని, నువ్వెంత?"

నన్ను లోపలికి తీసుకపోయి, కూసోబెట్టి, తలుపు దగ్గర నిలబడి పాట పాడుకుంట కాపలా ఉన్నది. వాపసొచ్చినంక సంచిల నుంచి జొన్నరొట్టె ముక్క తీసి ఇచ్చింది. ఆ ఆపరేషన్ గురించి నేను భయం చెప్పుకున్నది ఆమె ఒక్కదానికే. ఇంట్లోళ్లకు చెప్తె వాళ్ల భయం గూడ నేనే మొయ్యాలె.

ఆపరేషన్‌కు ముందు రక్తం చూసిన్రు. మత్తు డాక్టర్ ఆ కాయితం చూసి ఒప్పుకోలే. ఎర్ర రక్తం తక్కువ, తెల్ల కణాలు అంతకన్న తక్కువ, ఎందుకో తెలవకుండ మత్తు ఇయ్యనన్నడు. అట్ల మమ్ములను ఇంకో డాక్టరమ్మ దగ్గరికి పంపిన్రు. జర పెద్ద మనిషి, తొందర లేకుండ మాట్లాడుతది. నన్ను నిలబెట్టి, కండ్లు మూసుకోమన్నది. ఊగంగనే పట్టుకున్నది.

"ఏం మందులు వాడుతున్నరమ్మా?"

"ఏం లెవ్వు మేడం. షుగర్ లేదు, బీపీ లేదు. టానిక్ ఒక్కటి."

"మందులనే కాదు. నోట్లె ఏసుకునేటియి అన్నీ చెప్పండి. పొడులు, కషాయాలు, బలం గోలీలు, ఏవైనా."

శ్రావణి నా మొఖం చూసింది. "అమ్మా, బాపు పంపేటియి చెప్పు."

"అవి మందులు కావు గదా" అన్న.

డాక్టరమ్మ కలం పక్కన పెట్టింది. శ్రావణి ఇంటికి కాల్ చేసి, పక్కింటి పిల్లతోని సీస ఫోటో పంపించుకున్నది. డాక్టరమ్మ దాన్ని పెద్దగ చేసుకోని చదివింది.

"రోజుకు ఎన్ని?"

"మొదట్ల ఒకటి. ఇప్పుడు మూడు."

"ఎప్పటి సంది?"

"కరోనా సంది."

ఆమె సీస ఫోటో మళ్లొకసారి చదివింది. తర్వాత మెల్లగ చెప్పింది. జింకు మనిషికి కావాలె గాని చిటికెడు చాలు. మేము మింగేది దానికి ఎన్నో రెట్లు. అంత జింకు ఏండ్ల తరబడి పోతె పేగులు రాగిని లోపలికి రానియ్యవు. రాగి లేకపోతె రక్తం తయారుగాదు, వెన్నుల నరాలు ఎండుకపోతయి. "ఇది నా అనుమానం. రక్తంల రాగి ఎంత ఉన్నదో హైదరాబాద్‌కు పంపి చూద్దాం. అప్పటిదాక ఆపరేషన్ వద్దు, ఆ గోలీ ఒక్కటి గూడ వద్దు."

రిపోర్టు వచ్చింది. రాగి ఉన్నదా లేదా అన్నట్టు ఉన్నది. మెడ మీద కత్తి పడకుండ తప్పింది. సంతోషపడాలె గదా? నాకు కోపమొచ్చింది. ఆ కోపం ఎవరి మీద పెట్టుకోవాల్నో తెలవలే. రోగం పగోడు తెచ్చింది కాదు, పురుగు తెచ్చింది కాదు. నా మొగడు ప్రేమతోని పంపింది, నేను ప్రేమతోని మింగింది.

ఎండకాలం

రాగి ఎక్కించిన్రు, తర్వాత గోలీలిచ్చిన్రు. ఇంటికొచ్చినంక సంగతి గల్లీకి తెలిసింది. "పద్మకు రాగి తక్కువైందట" అని ఎదురింటామె గిన్నె నిండ రాగి జావ పట్టుకొచ్చింది. అత్తమ్మ "గా రాగి గాదే, బిందెల రాగి!" అంటె, ఇంకొకామె తెల్లారి రాగి చెంబు తెచ్చి నీళ్లు తాపమన్నది. చాన రోజులకు కడుపు పట్టుకోని నవ్విన. చెంబు నీళ్లతోని కాదు, లెక్క ప్రకారం ఇచ్చిన మందుతోనే నయమైతదని డాక్టరమ్మ ముందే చెప్పింది. జావ మాత్రం తాగిన, రుచిగున్నది.

అసలు కష్టం వేరే. దవాఖానకు పోయినమని, రక్తం తక్కువున్నదని ఆయనకెరుక. గోలీల సంగతి ఎవరు చెప్పాలె?

"చెప్పకు బిడ్డా" అన్నది అత్తమ్మ. "ఆడ ఒక్కడు ఉంటడు. తన చేతులతోనే పెండ్లాన్ని గిట్ల చేసిన్నని తెలిస్తె ఏమన్న చేస్కుంటడు."

శ్రావణి "చెప్పాలె" అన్నది. ఇద్దరు నా ముంగటనే కొట్లాడిన్రు. నేను చెప్పలేకపోయిన. పొద్దున ఆయన కాల్ చేస్తె గోలీ నాలిక కింద పెట్టుకోని, నీళ్లు తాగి, నాలిక చూపిచ్చి, కాల్ అయినంక ఉమ్మేసేదాన్ని. ఆయన మొఖంల ఎంత నిమ్మళం కనబడేదో! కాళ్లు రాక మేడ మీద చిక్కిన, నోరు రాక ఆ ఫోన్ల చిక్కిన.

ఒకనాడు ఆయనే అన్నడు: "ఇంకో రెండు సీసలు పంపుతున్న. ఒకటి మా అవ్వకు. మా రూమోళ్లు గూడ వాళ్ల ఇండ్లకు పంపిండ్రు. మా పద్మ ఎన్నేండ్ల సంది మింగుతున్నదని నేనే చెప్పిన."

నోట్లె గోలీ ఉన్నది. చేతిల ఉమ్మేసి ఫోన్‌కు చూపిచ్చిన.

"వాళ్లకు ఒద్దని చెప్పు" అన్న. "నా కాళ్లు పోయింది దీంతోనే."

అన్నీ చెప్పిన.  ఆయన ఎనుక ఎవరో వంట చేస్తున్న చప్పుడు వినవడ్తున్నది. "మూడు నేనే మింగుమన్న గదా" అని కాల్ కట్ చేసిండు.

తర్వాత కాల్ రాలే. నేను చేస్తె ఎత్తలే. అత్తమ్మ నన్ను ఏం అనలే గాని అన్నం ముద్ద దిగుతలేదు ఆమెకు. శ్రావణి ఆయన రూమాయనకు ఫోన్ చేసింది. "పనికి పోతుండు, వస్తుండు. ఎవలతోని మాట్లాడ్తలేడు. గోలీలు పంపినోళ్ల దగ్గర కూసోని మాత్రం ఒక్కొక్కల ఇంటికి ఫోన్ చేయిపిచ్చి, ఆపమని చెప్పిచ్చిండు" అన్నడు ఆయన. అది విన్నంక మొదటిసారి నిద్రపట్టింది నాకు.

మళ్ల వానలు

సెలవు దొరికి ఆయన వచ్చిండు. మెట్లెక్కి వచ్చి నా కాళ్ల దిక్కు చూడకుండ మొఖమే చూసిండు. ఆయన ముందు నడిచి చూపియ్యాలని పొద్దటి సంది అనుకున్న, లేసినంక తూలిన. పట్టుకున్నడు. 

అప్పటికి రక్తం మంచిగైంది. మొఖానికి రంగొచ్చింది, నోటి పుండ్లు పోయినయి. తిమ్మిరి మోకాళ్ల సంది మడిమెల దాక దిగి ఆడ ఆగింది. డాక్టరమ్మ దగ్గరికి ఇద్దరం పోయినం. ఆమె నా పాదాలు గిచ్చి, కొట్టి చూసింది.

"పోయిన నరం అంత సులభంగ రాదు. ఇంకొంత రావచ్చు, రాకపోవచ్చు. నేను ఉత్త మాట చెప్పను" అన్నది.

మా ఆయన చేతులు కట్టుకోని అడిగిండు: "నావల్లనేనా మేడం?"

"గోలీల వల్ల" అన్నదామె. "మీరు చెడు చేయాలని పంపలేదు. ఎంత అవసరమో ఎవరినైనా ఒక్కసారి అడిగి ఉంటే బాగుండేది. అడగాలని మీకు మాత్రం ఎవరు చెప్పిన్రు? ఇప్పుడు మీరు పదిమందికి చెప్పండి."

అందుకే నేను గూడ చెప్తున్న. జింకు చెడ్డదని కాదు. మీ ఇంట్ల అసొంటి సీస ఉంటె, డాక్టర్ అడిగినప్పుడు దాన్ని గూడ చెప్పున్రి. అది మందు కాదని అనుకోకున్రి. నేను అనుకున్న.

కిందింటి వాళ్లు ఖాళీ చేస్తె, ఆయన ఉన్నన్ని దినాలల్ల మా సామాను కిందికి దించిండు. ఇప్పుడు గడప దాటితె రోడ్డే. మిషన్ తొక్కుడు నాతోని కాదు, కాలు మీద నమ్మకం లేదు. కత్తెర పట్టుడు అయితది. నేను బట్ట కత్తిరిస్త, మా గల్లీల ఒక పొల్ల కుడ్తది. నేను కుట్టినంత సాపుగ ఉండదు, పేచీ పెట్టి విప్పిపిస్త.

ఆయన పోయే దినమొచ్చింది. వీసా ఇంకా ఉన్నది, అటు పని ఉన్నది, ఆ సంగతి ఇద్దరికెరుకే. బ్యాగు ఆటోల పెట్టినంక వాపసొచ్చి గడప దగ్గర నిలబడ్డడు. ఎప్పుడు పోయినా అడిగే మాటనే అడగవోయి, ఆగి, మెల్లగ అడిగిండు.

"ఏమన్న పంపాల్నా పద్మా?"

"ఏం పంపకు" అన్న. "నువ్వే రా."

ఆయన తల ఊపిండు. ఎప్పుడని ఆయన చెప్పలే, నేను అడగలే. ఆటో గల్లీ మలిగేదాక దర్వాజ పట్టుకోని నిలబడే ఉన్న.